తలనొప్పికి తర్ఫీదు ఏదీ?

పామర్రు: మైగ్రేన్ బాధితులు తొలుత ఆశ్రయించేది మందుల దుకాణాన్నే. మాత్రతో తగ్గకుంటే కళ్లద్దాలు, ఆపై సైనస్ పరీక్షలు, స్కానింగ్... చివరకు న్యూరాలజిస్టు కోసం విజయవాడ ప్రయాణం. ఈ తిప్పలకు మూలం వైద్య శిక్షణలోని లోటే.

2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 310 కోట్ల మంది తలనొప్పి రుగ్మతలకు గురయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వైద్య విద్యార్థులకు దీనిపై సాగుతున్న బోధన సగటున 4 గంటలేనని 2011లో అదే సంస్థ వెల్లడించింది. అమెరికాలో తలనొప్పి వైద్యానికి 2006 నుంచి ప్రత్యేక ధ్రువీకరణ పరీక్ష ఉంది. అక్కడి ఫెలోషిప్‌లకు ఫౌండేషన్ల గ్రాంట్లు తోడ్పడుతున్నాయి. మన దేశంలో ఇది మూడేళ్ల డీఎం న్యూరాలజీలో ఒక భాగం మాత్రమే.

ఇక్కడా గ్రాంట్లు అవసరమే. అయితే నగరానికి మరో నిపుణుడు వచ్చినంత మాత్రాన పల్లెకు ఒరిగేది తక్కువ. సాధారణ మైగ్రేన్‌ను చాలావరకు రోగి చెప్పే లక్షణాలతోనే గుర్తించవచ్చు. నెలలో 15 రోజులకు తగ్గకుండా మూడు నెలలకు పైగా నొప్పి మాత్రలు వాడితే అవే తలనొప్పిని పెంచవచ్చు. హఠాత్తుగా వచ్చే భరించలేని నొప్పి మాత్రం ప్రమాద సంకేతం. ఈ తేడాలు పీహెచ్‌సీ వైద్యుడికి క్షుణ్ణంగా తెలియాలి. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ స్వల్పకాలిక తర్ఫీదుకు నిధులిస్తే పామర్రు రోగికి దూరాభారం, వృథా ఖర్చు తగ్గుతాయి.