పడవలో ‘సర్దుకోండి’ అనరాదు



నా దగ్గర చదువుకున్న ఇద్దరు శిష్యులు ఈమధ్య వేర్వేరు చోట్లనుంచి ఒకే ప్రశ్న అడిగారు. ఒకతను అమెరికాలో హ్యూస్టన్ నగరవాసి. అక్కడి గాల్వెస్టన్ అఖాతంలో చేపలు పట్టుకోవడానికీ, సెలవురోజుల్లో భార్యాబిడ్డలతో షికారు వెళ్ళడానికీ పనికివచ్చేలా ఒక ‘బే బోటు’ కొనాలని అతని సంకల్పం. రెండవ అతను మా కె.గంగవరం మండలం వాడే. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక ఫైబరు పడవ చేయించుకొని గౌతమిలో వేట సాగించాలనీ, కార్తికమాసంలో మూడు కుటుంబాలనూ అందులోనే లంకలకు వనభోజనాలకు తీసుకువెళ్ళాలనీ వారి ఆలోచన. “మాస్టారూ, ఎలాంటిది తీసుకోమంటారు?” అన్నది ఇద్దరి ప్రశ్న.

తెలుగు పండితుణ్ణి పట్టుకొని పడవ సంగతి అడగడమేమిటని మీకు నవ్వు రావచ్చు. ఉద్యోగకాలంలో చాలా సంవత్సరాలు కోటిపల్లి రేవులో పడవెక్కి, అవతల ముక్తేశ్వరం ఒడ్డున దిగి బడికి వెళ్ళినవాణ్ణి. సంధులూ సమాసాలూ పుస్తకంలో నేర్చుకున్నాను గాని, నీటిమీద మనుషుల నడవడి ఆ రేవులోనే నేర్చుకున్నాను. ఆ చొరవతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. అమరకోశంలో నౌ, తరణి, తరి అనేవి ఒక వరుసలో ఉంటాయి. ఉడుపము, ప్లవము, కోలము అనేవి వేరే వరుస. మొదటివి నావలు, రెండవవి తెప్పలు. నీటిమీద తేలినంత మాత్రాన రెండూ ఒకటే అని పూర్వులు అనుకోలేదు. కాళిదాసు రఘువంశం ఆరంభంలో తన సాహసాన్ని తానే చిన్నబుచ్చుకుంటూ, చిన్న ఉడుపంతో మహాసముద్రం దాటబోయే వానితో పోల్చుకున్నాడు. అది కవి వినయమే కావచ్చు. కాని ఏ నీటికి ఏ పడవ అన్న వివేకం లేనిదే ఆ ఉపమానం పుట్టదు.

మన గోదావరి జనం ఈ వివేకాన్ని ఇంకా వివరంగా పంచుకున్నారు. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె చెరువులకూ, కాలువలకూ, ఒకరిద్దరు మనుషులకూ. దుంగలు కట్టిన తెప్ప అలలను చీల్చుకుపోయే సముద్రపు వేటకు. నావ వలకూ సరుకుకూ. బళ్ళూ, మోటారు వాహనాలూ దాటించాలంటే రెండు పడవల మీద బల్లలు పరచిన పంటు. దోనెను పట్టుకొని ఎడ్లబండి దాటించమని అడిగినవాడు మా ఊళ్ళో లేడు. ఈనాడు ఫైబరు వచ్చి పాత పేర్లన్నిటినీ చెరిపివేసి, అన్నిటికీ ‘బోటు’ అని ఒకే పేరు పెట్టింది. పేరు ఒక్కటి కాగానే పనీ ఒక్కటే అన్న భ్రమ కలుగుతున్నది.

ఇక బే బోటు అంటే ఏమిటి? అఖాతాల్లో తిరగడానికి అమెరికావారు తీర్చిన పడవ అది. సాధారణంగా 18 మొదలు 24 అడుగుల పొడవు ఉంటుంది. అడుగు లోతు నీటిలో కూడా ఇంచుమించుగా తేలుతుంది. గాల్వెస్టన్ అఖాతం సగటు లోతు ఏడడుగులకు అటూ ఇటూ మాత్రమే కనుక అక్కడ అది చక్కగా ఒదుగుతుంది. నిలబడి గాలం విసరడానికి ముందూ వెనుకా బల్లపరుపుగా ఖాళీ ఉంటుంది. నడిపేవాడు నడుమ ఉంటాడు. ఇంజను వెనుక వేలాడుతుంది. మనకు దీటైన నీరు లేకపోలేదు. కాకినాడ అఖాతం ఉన్నది. హోప్ ఐలాండ్ అనే ఇసుకదిబ్బ సముద్రానికి అడ్డుగోడలా పెరిగి ఆ నీటిని కొంత శాంతపరచింది. మా గౌతమి సరేసరి. యానాం దిగువన పోటూ పాటూ, ఎగువన ఇసుకమేటలూ ఉన్న ఈ నీటికి తక్కువ లోతులో తేలే పడవే తగినది. ఇంతవరకు హ్యూస్టనుకూ గంగవరానికీ భేదం లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వేటకు కావలసిన గుణాలూ కుటుంబానికి కావలసిన గుణాలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. వల లాగడానికి పడవ అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. పసిపిల్లలు కూర్చోవడానికి అదే అంచు ఎత్తుగా ఉండాలి. వేటగానికి నడుమ ఏ అడ్డూ ఉండరాదు. కుటుంబానికి కూర్చునే బల్లలు, పట్టుకొనే కమ్మీ, చీర కట్టుకున్న ఆడవారూ ముసలివారూ ఎక్కడానికి మెట్టు కావాలి. వేటగాడు ఎండను ఓర్చుకుంటాడు. పిల్లలకు నీడ కావాలని కప్పు వేస్తే ఆ కప్పు గాలికి తెరచాపలా పనిచేస్తుంది, పడవ బరువు పైకి పోతుంది. వేటకు వెళ్ళే ఇద్దరూ ఈత వచ్చినవారు, పడవ ఒరిగితే ఎటు వంగాలో ఎరిగినవారు. షికారుకు వచ్చినవారు డాల్ఫిను కనబడిందనో గుడిగోపురం కనబడిందనో అందరూ ఒకే పక్కకు లేస్తారు.

కాలమూ కలిసిరాదు. పులస ఎదురీదేది వరదకాలంలో. సముద్రంలో విలస అయినది ఎర్రనీటిలోకి వచ్చి పులస అవుతుందని మావాళ్ళు అంటారు. ఆ రోజుల్లో గోదావరి మీద వేట లాభసాటి, ప్రయాణం ప్రమాదం. వనభోజనాలు కార్తికంలో. అప్పటికి నది తేటపడుతుంది గాని సముద్రం శాంతించదు. కోనసీమను ఊడ్చిపెట్టిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. కోరింగ రేవును ధ్వంసం చేసిన ఉప్పెన వచ్చినది 1839 నవంబరులోనే. ఆ కోరింగ ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. ఓడలు కట్టడం తెలిసిన ఊరినే నీరు ఉపేక్షించలేదు.

అయితే రెండు పనులకు రెండు పడవలు కొనమంటావా, అని అడుగుతారు. కొనగలవారు కొనవచ్చు. మా శిష్యునివంటివారికి అది కాని పని. ఒక్క పడవే గతి అయినప్పుడు దానిని కుటుంబం కొలతతోనే ఎంచుకోవాలని నా నిశ్చితాభిప్రాయం. అంచు నాలుగంగుళాలు ఎత్తయితే వేటగానికి నడుము నొప్పి పుడుతుంది, అంతే. వేటగాడు పడవకు అలవాటు పడగలడు. నాలుగేళ్ళ పాప పడలేదు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. పొడవెంత, ఇంజను ఎన్ని గుర్రాలది అనే ప్రశ్నలకు ముందు, ఎందరు ఎక్కుతారు అన్న ప్రశ్న వేసుకోవాలి. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఎందరు మనుషులు, ఎంత బరువు అన్నది ఒక పలక మీద ముద్రించి బిగించాలని నియమం ఉన్నది. పలక లేని చోట అక్కడివారు వాడుకునే మోటు లెక్క ఒకటి ఉన్నది. పొడవును వెడల్పుతో హెచ్చించి, అడుగుల లెక్కలో, 15తో భాగించాలి. మావాళ్ళు చేయించదలచినది 18 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. హెచ్చిస్తే 90. భాగిస్తే ఆరుగురు. మనిషికి సుమారు 68 కిలోల లెక్క ఇది. నీరు నిశ్చలంగా ఉన్నప్పటి గరిష్ఠం ఇది. వలా, మంచుపెట్టే, వంటపాత్రలూ కలిసి 140 కిలోలు తూగితే ఇద్దరిని తగ్గించాలి. మిగిలినది నలుగురు. మూడు కుటుంబాలలో పిల్లలతో కలిపి పధ్నాలుగు మంది ఉన్నారు!

ఈ పధ్నాలుగు మందినీ ఎక్కించేది పడవ కాదు, ఒక మాట. ఆ మాట ‘సర్దుకోండి’. తెలుగువారి సంఘజీవనానికి ఇంతకంటె ఉపకారం చేసిన క్రియాపదం మరొకటి ఉందని నేననుకోను. బస్సులో ముగ్గురి సీటులో నలుగురం సర్దుకుంటాం. పెళ్ళిపందిట్లో బంతిలో సర్దుకుంటాం. ఒక్క గదిలో పదిమంది బంధువులం సర్దుకొని పడుకుంటాం. ఈ సర్దుబాటులో ఔదార్యం ఉన్నది, ఆప్యాయత ఉన్నది. కాని ఇవన్నీ నేలమీది సర్దుబాట్లు. నేల మనతోపాటు సర్దుకుంటుంది. నీరు సర్దుకోదు. అది మనం ఎక్కించిన ప్రతి మనిషికీ కొంత చొప్పున అంచు దగ్గరకు వచ్చి ఊరకుంటుంది. ఆ తరువాత ఒక చిన్న అల చాలు.

2018 జూలై 14న పశువుల్లంక దగ్గర గౌతమిలో, బడినుంచి ఇంటికి పోతున్న పిల్లలున్న పడవ వరద ఉరవడిలో కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. అందులో ముప్పైమందికి పైగా ఉన్నారు. బడిపిల్లలు పోయారు. మరుసటి ఏడు సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదగోదావరిలో షికారు బోటు మునిగి యాభైమంది దాకా పోయారు. ఈ రెండు ప్రమాదాలకూ కారణాలు వేరు వేరు. తూకాన్ని ఒక్కటే తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కాని స్తంభాన్నో సుడినో తప్పించుకోవలసిన క్షణంలో, తేలికగా ఉన్న పడవ మాట వింటుంది, నిండిన పడవ వినదు. చుక్కాని పట్టిన ఏ సరంగునైనా అడగండి. మా కోటిపల్లి దగ్గర కూడా రైలు వంతెనకు స్తంభాలు లేచి ఉన్నాయి కనుక ఈ మాట మాకు మరీ వర్తిస్తుంది.

దీనికి ప్రభుత్వం లేదా, చట్టాలు లేవా అనవచ్చు. ఉన్నాయి. 1917 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం కూడా వచ్చింది. టిక్కెట్టు తీసుకొని నడిపే బోట్లను అధికారులు ఆపవచ్చు. సొంత పడవలో సొంత కుటుంబం ఎక్కేటప్పుడు రేవులో ఏ అధికారి ఉంటాడు? అక్కడ ఉండేది మొహమాటం ఒక్కటే. “మీరు ఆగండి, రెండో విడతలో వద్దురుగాని” అని వియ్యపురాలితో ఎవరు అనగలరు? చెల్లెలి పిల్లలను గట్టుమీద నిలబెట్టి సొంత పిల్లలను ఎక్కించుకోగల మేనమామ ఎవడు? మర్యాద తెలిసిన వాడు కనుకనే అందరినీ ఎక్కిస్తాడు. మన మంచితనమే ఇక్కడ మనకు శత్రువవుతున్నది. అందువల్ల కాదనే పని మనిషికి వదలక, పడవకే అప్పగించాలి.

ఎట్లాగంటే, పడవకు రంగు వేయించగానే ఇలవేలుపు పేరో, బిడ్డ పేరో వ్రాయించడం మన ఆచారం. ఆ పేరు వ్రాయించక ముందే దాని ప్రక్కన, అరచేయి అంత అంకెలో, ఎందరో వ్రాయించండి. ‘నలుగురు’ అని తెలుగులోనే వ్రాయించండి. పడవ పలికిన మాటకు వియ్యపురాలు నొచ్చుకోదు. ఐదు విడతలుగా వెళ్తే వనభోజనం ఒక గంట ఆలస్యమవుతుంది. ఉసిరిచెట్టు ఎక్కడికీ పోదు.

తక్కిన జాగ్రత్తలు సంగ్రహంగా చెబుతాను. ఫైబరు పడవ చేయించేటప్పుడు, లోపలి ఖాళీలలో తేలిక నురుగుదిమ్మలు నింపారో లేదో కళ్ళతో చూసి ఒప్పుకోండి. కొయ్యపడవ నీళ్ళు నిండినా కొయ్య కనుక కొంత తేలుతుంది, నురుగు లేని ఫైబరు ఇంజను బరువుకు అడుగంటుతుంది. పలక అడుగు నిలకడగా ఉంటుంది గాని, మొగ దగ్గర అలలకు దబదబ కొట్టుకుంటుంది. మీరు నదిలోనే తిరిగితే అది చాలు, మొగ దాటే ఆశ ఉంటే అడుగు కొంచెం కోసుగా ఉండాలి. లైఫ్ జాకెట్లు పెద్దల కొలతవి మాత్రమే కొని పిల్లలకు తొడగరాదు, అవి మెడమీదుగా జారిపోతాయి. టెక్సాసులో 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపూ 13 ఏళ్ళలోపు పిల్లలు వాటిని తొడుక్కునే ఉండాలని చట్టం. మనం చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. నడిపేవాడు నీళ్ళలో పడితే ఇంజను ఆగిపోయేలా చేతికి తగిలించుకునే తాడు అమెరికా కేంద్రచట్టం ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. ఆ తాడు ఖరీదు ఒక కిలో పులస ఖరీదులో చిన్న భాగం.

హ్యూస్టను శిష్యునికి ఈ ఉత్తరమే పంపాను. అతని పడవకు పలక ఉంటే, దాని మాట వింటే చాలు. వారాంతంలో పది ఇళ్ళ తెలుగువారు కలిసినప్పుడు ‘సర్దుకోండి’ అన్న మాట అక్కడ కూడా వినబడుతుందని నాకు తెలుసు. మాతృభాషను మరవవద్దని ఎప్పుడూ చెప్పే నేను, గట్టుమీద ఉన్నంతసేపూ ఆ మాటను హాయిగా వాడుకొమ్మనీ, పడవ అంచు మీద కాలు పెట్టగానే మరచిపొమ్మనీ వ్రాశాను.

మీమీ ఊళ్ళలో కృష్ణమీదో, కొల్లేటిలోనో, సముద్రతీరంలోనో పడవలవారికి ఎందరిని ఎక్కించాలన్న కట్టుబాటు ఏదైనా ఉంటే దయచేసి తెలుపగలరు. పాత పడవల పేర్లు తెలిసినవారు వాటినీ వ్రాస్తే సంతోషిస్తాను.

స్వస్తి.