ఉప్పాడ తూర్పు పొలిమేర

ఉప్పాడ గ్రామమునకు మిగిలిన దిక్కుల పొలిమేర రెవిన్యూ పటములలో నిలిచియున్నది. తూర్పు పొలిమేరను మాత్రము ఏయేటికాయేడు సముద్రుడే నిర్ణయించుచున్నాడు. తాతలనాటి వీధులు, గుడులు, తోటలు నేడు కెరటముల క్రింద నున్నవని అచ్చటి వృద్ధులు నీటివైపు వ్రేలు చూపి చెప్పుదురు. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినపుడు కాకినాడనుండి ఉప్పాడకు పోవు తీరపు రాస్తా మరల దెబ్బతిన్నది. తుపాను వెడలిన పిదప పెద్దలు వచ్చి చూచుట, రాళ్లు తోలించుట, మరుసటి తుపానుకు ఆ రాళ్లు చెదరుట మన ప్రాంతమువారికి క్రొత్తగాదు. పోయిన భూమి ఎంత? ఏ ఋతువున, ఏ చోట, ఎంత వేగముతో పోయినది? ఈ ప్రశ్నలకు గ్రామస్థుని చేతికందునట్టి సమాధానము ఉండితీరవలెనని మా వాదము.

ఈ సందర్భమున ఉత్తరధ్రువ ప్రాంతపు వృత్తాంత మొకదానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము. కెనడా దేశపు ఉత్తరతీరమున హెర్షెల్ అను దీవి కలదు. అచ్చటి మన్ను మంచుతో బిగిసి వేలయేండ్లుగా రాతివలె గట్టిపడియున్నది. వేసవిలో ఆ మంచు కరగి, అలలు తాకగా, గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడును. 2017 వేసవిలో శాస్త్రజ్ఞులు 40 దినములలో పలుమారులు డ్రోను నెగురవేసి ఆ తీరమును చిత్రించిరి. ఆ స్వల్పకాలములోనే గట్టు 14.5 మీటర్లు వెనుకకు జరిగెననియు, కొన్ని దినములలో దినమునకు ఒక మీటరుకు మించి తెగెననియు తేలెను. ఏడాదికొక్కమారు కొలిచినవారికి ఈ వేగము తెలియనే తెలియదు.

ధ్రువపు మంచుతో ఉప్పాడకేమి పని యని కొంద రడుగవచ్చును. 1901 మొదలు 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. నీరు వేడెక్కి వ్యాకోచించుటయు, హిమరాశులు కరగుటయు ఇందులకు ముఖ్యకారణములు. అచ్చట కరగిన నీటిలో పాలు ఇచ్చటి కెరటమునకును కలదు.

ఈ కొలత పద్ధతి బ్రహ్మవిద్య యేమియు గాదు. ఒకే స్థలమును అనేక స్థానములనుండి, ఒక చిత్రముపై మరియొకటి కొంత పడునట్లుగా తీసినచో, రెండు కన్నులతో లోతును గ్రహించునట్లే యంత్రము నేల యెత్తుపల్లములను లెక్కకట్టును. నేలపై ముందుగా గురుతులు పెట్టి, వాని స్థానమును ఉపగ్రహముల సాయమున సరిచూచిన పక్షమున, తప్పు కొలది సెంటీమీటర్లకు మించదు. ఆటుపోటులనుబట్టి నీటిగీత మారును గావున, ప్రతిమారు ఒకే పోటువేళ చిత్రించుట, గట్టు అంచును ఆధారముగా గొనుట అవసరము. నీటి యడుగు మాత్రము ఈ కంటికి కానరాదు. ఆ లోతులను పడవలపై పోయి కొలువవలెను. ఉప్పాడ మత్స్యకారులకంటె ఆ జలముల నెరిగినవా రెవరు?

ఉప్పాడ కోతకు కారణములుగా పలువురు పలు విషయములను చెప్పుచున్నారు. గోదావరి తెచ్చు మేట ఎగువ ఆనకట్టలవలన తగ్గినదందురు. తూర్పుతీరమున ఇసుక ఏడాది మొత్తముమీద ఉత్తరముగా నడచుచుండగా, కాకినాడ అఖాతమును కాపాడు హోప్ దీవియే ఆ ఇసుకను పట్టియుంచి, అలల బలమును ఉప్పాడవైపు మరల్చుచున్నదందురు. రేవు కట్టడములను దూరువారును కలరు. ఇందు ఏది యెంతయో తేల్చకయే, మొదట ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులను, పిదప బండరాళ్లను పేర్చుట జరిగినది. నాడి చూడక మందిచ్చు వైద్యుని మన మేమందుము?

చెన్నైలోని జాతీయ తీరప్రాంత పరిశోధన కేంద్రమువారు 1990 మొదలు 2018 వరకు తీసిన ఉపగ్రహ చిత్రములను పరిశీలించి, దేశపు తీరములో మూడవవంతు కోతకు గురియగుచున్నదని తేల్చిరి. అది దేశమునకు చాలిన లెక్కయే గాని, ఒక వీధికి, ఒక గడపకు చాలదు. మన రాష్ట్రమున 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోనులు పొలముల గట్లను కొలిచినవి. సెంటు భూమికి తగవులాడుకొను మనము ఆ కొలతల విలువను బాగుగ నెరుగుదుము. మన చేని గట్టును కొలిచిన కన్ను సముద్రపు గట్టును ఏల కొలువరాదు?

ఇందొక భయమును దాచక చెప్పవలసియున్నది. పటము తయారైన పిమ్మట, "ఇది అపాయస్థలము, లేచిపొండు" అని పేదవారిని తరుముటకు అదియే సాధనము కావచ్చును. పడవకు దూరమైన మత్స్యకారుడు, మగ్గమునకు చోటులేని జాందానీ నేతగాడు బ్రతుకుట యెట్లు? గావున పటము ప్రభుత్వమువారి బీరువాలో నుండరాదు; తెలుగున వ్రాయబడి గ్రామ సచివాలయపు గోడపై వ్రేలాడవలెను. ఇల్లు పోయినవానికి ఆ కొలతయే సాక్ష్యము కావలెను. తరలింపు తప్పనిసరియైనచో, తీరమునకు సమీపముననే ఇంటిస్థలము ముందిచ్చి, పిదప కదలుమనవలెను.

ఏటేట వానకాలమునకు ముందొకమారును, తుపానుల కాలము గడచిన పిదప నొకమారును, ప్రతి పెద్ద తుపాను వెంటనేయు ఉప్పాడ, సుబ్బంపేట, కోనపాపపేట తీరములను ఈ విధముగ కొలువవలెనని మా మనవి. ఒక వర్షములో కొట్టుకొనిపోవు రాళ్ల ఖర్చులో ఇది స్వల్పభాగము. పటము గోడ కాదు, నిజమే. కాని గోడ యెచ్చట కట్టవలెనో, ఎచ్చట కట్టుట వృథాయో పటమే చెప్పగలదు. కాకినాడ పురజనులును, పిఠాపురపు రైతులును ఇది పల్లెవారి గొడవయని యుపేక్షింపక, రాబోవు తుపానులోపలనే ఈ కోర్కెను అధికారుల చెవిని వేయుదురని నమ్ముచున్నాము.