పచ్చదనమంతా ప్రాణం కాదు

జూబ్లీహిల్స్ పచ్చదనాన్ని మెచ్చుకోని అతిథి ఉండడు. చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ వెళ్ళే దారిలో గోడల మీదుగా కాగితపుపూల తీగలు వేలాడుతుంటాయి, గేట్ల వెనుక పచ్చికబయళ్ళు తొంగిచూస్తుంటాయి. చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చి ఇక్కడ స్థిరపడక మునుపు ఇవి గండశిలలూ ముళ్ళపొదలూ నిండిన గుట్టలు. ఆ రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. దాని నెర్రెలలో తొండలకూ తేళ్ళకూ గడ్డిజాతులకూ ఒక కాపురం ఉండేది. 1998లో జాతీయవనంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో దాని ఆనవాలు కొంత మిగిలింది. పచ్చదనం పెరిగింది, పాత కాపురం చెదిరింది. ఈ రెండు మాటలనూ ఒక్క వాక్యంగా చదవడం మనకింకా అలవాటు కాలేదు.

ఆ అలవాటు లేకపోతే ఎంతగా పొరబడగలమో తెలియాలంటే భూగోళపు ఉత్తరపు కొసన ఉన్న ఒక అఖాతాన్ని చూడాలి. స్వాల్‌బార్డ్ దీవులలోని కాంగ్స్‌ఫ్యోర్డెన్ అది. హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రం చొరబడగా ఏర్పడిన సన్నని అఖాతం. మనకు మరీ పరాయిదేమీ కాదు. దాని ఒడ్డున, నీ-ఆలెసుండ్‌లో, 2008 నుంచి మన దేశపు హిమాద్రి పరిశోధనా కేంద్రం ఉంది. 2014లో మనవాళ్ళు ఆ నీటిలో ఇండార్క్ అనే పరికరాల గొలుసును దింపారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ అఖాతపు బాక్టీరియాను వేరుచేసి అధ్యయనం చేసి, ఫలితాలను 2009లో ప్రచురించారు.

ఆ అఖాతం లోపలి కొసన క్రోనెబ్రేన్ వంటి హిమానీనదాలు నేరుగా సముద్రంలోకి విరిగిపడతాయి. కరిగిన నీటితో పాటు మెత్తని రాతిపిండి కూడా దిగుతుంది. అడుగున బతికే జీవులకు అది ఆగని వాన. నీటిని వడగట్టి ఆహారం తీసుకునే జీవుల జల్లెడలు దానితో పూడుకుపోతాయి. అందుచేత హిమానీనదం ముంగిట చిన్న చిన్న పురుగులు, చిట్టి ఆల్చిప్పలు, అంటే కదలగలిగి బురదనే మేసే జీవులు మాత్రమే నెగ్గుకొస్తాయి. సముద్రం వైపు పోయేకొద్దీ బురద తగ్గుతుంది, జాతులు పెరుగుతాయి, గొట్టాలు కట్టుకుని నిలకడగా బతికే పెద్ద జీవులు కనిపిస్తాయి. పోలండ్ శాస్త్రవేత్త మరియా వ్వోదార్స్కా-కొవాల్చుక్, ఆమె సహచరులు ఈ వరుసను చక్కగా వివరించారు. అంటే ఆ నేల మీద ఎవరు ఎక్కడ బతకాలో నిర్ణయించడంలో హిమానీనదానిదే పెద్ద చెయ్యి.

ఇప్పుడా నిర్ణేతే వెనక్కి జరుగుతోంది. బ్లూమ్‌స్ట్రాండ్‌హాల్వోయా అన్న పేరులో ద్వీపకల్పం అనే అర్థం ఉంది. దానిని నేలతో కలిపిన మంచు వెనుదిరగడంతో 1990ల తొలినాళ్ళలో అది ద్వీపమని తేలింది. పేరు మాత్రం పాతదే.

ఇక అఖాతపు ముఖద్వారం దగ్గర, పదిహేను మీటర్ల లోతున, కొన్ని రాతిపలకలను 1980 నుంచి 2010 దాకా ఏటేటా అదే చోట ఫోటో తీశారు. 1995లో అక్కడి నాచు విస్తీర్ణం ఉన్నట్టుండి అయిదింతలయింది. అక్కడ కారణం హిమానీనదపు బురద కాదు. వేడెక్కిన నీరూ, సముద్రపు మంచు తగ్గి పెరిగిన వెలుతురూ. నాచుతో పాటు వెన్నెముక లేని జీవుల లెక్కలూ మారిపోయాయి. ఒక్క ఫోటో చూసినవాడు ‘ఎంత పచ్చగా ఉంది!’ అంటాడు. ముప్పై ఏళ్ళ ఫోటోలు చూసినవాడు ఆ మాట అనలేడు.

మంచు తొలగితే కొత్త చోటు దొరుకుతుంది కదా, జీవానికి అది లాభమే కదా అనేవారున్నారు. ఆ వాదంలో నిజం లేకపోలేదు. దక్షిణ ధ్రువం వైపు, కింగ్ జార్జ్ దీవిలోని పోటర్ కోవ్‌లో ఫోర్కేడ్ హిమానీనదం వదిలిన చోట కొత్త జీవులు చకచకా కాపురం పెట్టాయి. కానీ 1994, 1998, 2010 సంవత్సరాల పరిశీలనలను పోల్చి చూస్తే మరొకటి తెలిసింది. నీటిని వడగట్టి బతికే సంచుల వంటి అసిడియన్లు ఏలిన అడుగునేల, బురద పెరిగేసరికి వేరే జీవుల మిశ్రమ సమూహంగా మారిపోయింది. కొత్తగా చేరినవారి జాబితా ఒక్కటే రాసి, వెళ్ళిపోయినవారిది రాయకపోతే అది లెక్క కాదు, ప్రచారం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పచ్చదనమూ సంఖ్యా ఒక చోటి క్షేమానికి కొలతలు కావు. ఎవరు పోయారన్నది కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒకే చోటును దశాబ్దాల తరబడి చూస్తూ ఉండాలి. ఇండార్క్ నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలవడం మంచిదే. అడుగున ఉన్న పురుగులనూ చిప్పలనూ కూడా ఏటేటా, అదే చోట, అదే పద్ధతిలో లెక్కించే పనికి తరాలు మారినా డబ్బు ఆగకూడదు. ఒక్క యాత్రలో ముగిసే లెక్క ఒక్క ఫోటో వంటిదే.

ఈ సంగతి ఫిల్మ్‌నగర్‌కు ఇంకెవరూ నేర్పనక్కరలేదు. షాటుకూ షాటుకూ మధ్య గ్లాసు జరిగినా పట్టుకునే కంటిన్యుటీ సహాయకులున్న చోటు అది. పాటకోసం మంచుకొండలు వెతుక్కుంటూ మన యూనిట్లు ఎంతో దూరం వెళ్ళాయి. ఆ మంచు కింద, బురద వానలో బతికే జీవుల గురించి తెలుగులో ఒక్క మంచి డాక్యుమెంటరీ తీయగల కెమెరాలూ కళ్ళూ ఇక్కడ ఉన్నాయి. అంతదాకా ఎందుకు, స్టూడియో గోడ పక్కన మిగిలిన ఒక్క గండశిలను ఏటా ఒకేచోట నిలబడి ఫోటో తీసినా సరే. మారిన దాన్ని మెచ్చుకోవడం సులువు. పోయినదాని పేరు గుర్తుంచుకోవడానికే ఓపిక కావాలి.