జీతం చీటీ చెప్పే మాట

ఉద్యోగుల గోడు మాట ఎత్తగానే ‘ఎంతిచ్చినా ఏడుపే’ అనేవాళ్లుంటారు. వాళ్లు కోలారు జిల్లా నరసాపురను గుర్తుచేసుకోవాలి. 2020 డిసెంబరు 12న అక్కడి విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో కార్మికులు అద్దాలు పగలగొట్టారు, వాహనాలకు నిప్పుపెట్టారు. టీవీలు పొగనే చూపించాయి. కర్ణాటక ఫ్యాక్టరీల శాఖ తనిఖీ మాత్రం అసలు సంగతి బయటపెట్టింది. కొద్దికాలంలోనే సిబ్బంది 5,000 నుంచి 10,500కు పెరిగారు. అక్టోబరు నుంచి 8 గంటల షిఫ్టు 12 గంటలైంది. హాజరు నమోదు సరిగా లేదు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసినా హాజరు యంత్రం ఒప్పుకోకపోతే ఆ గంటలు జీతం చీటీలోకి రావు. అడుగుదామంటే కాంట్రాక్టు కూలీలను పెట్టే ఏజెన్సీ కంపెనీని చూపిస్తుంది, కంపెనీ ఏజెన్సీని చూపిస్తుంది.

విధ్వంసం నేరం కాదా అంటారు. నేరమే, అందులో వాదన లేదు. కాంట్రాక్టు కూలీల బాధ్యత ఏజెన్సీదే కదా అనేదే గట్టి అభ్యంతరం. కానీ షిఫ్టు పెంచింది ఏజెన్సీ కాదు, హాజరు యంత్రమూ దానిది కాదు. పని గంటలను నిర్ణయించేవాడే వాటి లెక్కకూ జవాబుదారీ. చివరికి విస్ట్రానే క్షమాపణ చెప్పింది, భారత వ్యాపారం చూసే ఉపాధ్యక్షుణ్ణి తొలగించింది. ఆపిల్ కొత్త ఆర్డర్లు నిలిపేసింది. అప్పుడుగానీ కార్మికులు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకోవడానికి 24 గంటల ఫోన్ లైను రాలేదు. అది కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషుల్లో పనిచేస్తుందని ప్రకటించారు. ఆ లైనుకయ్యే ఖర్చు అంతకుముందు భరించలేనంతదేమీ కాదు.