వాల్వు మనది, పటము పరులది

ఇంటి తలుపు చెడినచో వడ్రంగిని పిలుతుము. ఆవిరిని, చమురును, విషవాయువులను గొట్టములలో నిలిపియుంచు వాల్వు చెడినచో మాత్రము మన కర్మాగారములలో పెక్కుచోట్ల అమ్మినవానికి జాబు వ్రాసి, వాని ఇంజనీరు సముద్రము దాటి వచ్చువరకు వేచియుందురు. అంతవరకు కారునది కారుచునే యుండును. క్రమముగా ఆ కారుట పనివారి కంటికి సహజమై తోచును. మాకు భయము గొల్పుచున్నది ఈ అలవాటే.

1979 మార్చి 28వ తేదీన అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రమున పీడనమును దింపు వాల్వు ఒకటి తెరచుకొని మరల మూసికొనలేదు. నియంత్రణశాలలోని దీపము, మూసికొమ్మను ఆజ్ఞ పోయినదని మాత్రమే తెలుపగలదు; పనివారు వాల్వే మూసికొన్నదని నమ్మిరి. వాల్వు వెనుకనున్న గొట్టపు వేడిమి నిజము చెప్పుచునే యుండెను. కాని అచట అంతకు పూర్వమునుండియు కొంత కారుచుండుటచే, ఆ వేడిమి మామూలే యని త్రోసివేసిరి! రెండుగంటలకు పైగా నీరు వెడలిపోయెను. రియాక్టరు గర్భము కొంత కరగిపోయెను. చిన్న కారుటను బాగుచేయనందున పెద్దది కానరాకపోయెను.

వాల్వు వ్యాధి బ్రహ్మవిద్య కాదు. స్పిండిలు చుట్టును కారుచున్నచో గ్లాండు ప్యాకింగును చూడవలెను. మూసినను లోపల జారుచున్నచో సీటు అరిగియుండవచ్చును, లేదా చెత్త యిరికియుండవచ్చును. గాలితో నడచునది కదలనిచో, దానిని విప్పుటకు ముందు గాలి అందుచున్నదో లేదో చూడవలెను. మన ఫిట్టర్లు దీని నెరుగుదురు. వారికి లేనివి పటములు, కొలతలు, విడిభాగములు. అమ్మినవాడు వానిని పెట్టెలో పెట్టుకొని తాళము వేసికొనెను. మనము సంతకము చేసి సమ్మతించితిమి.

సొంతముగా విప్పిన ప్రమాదమని కొందరందురు. ఉపేక్షతో విప్పిన ప్రమాదమే. 1988 జూలై 6న ఉత్తరసముద్రమందలి పైపర్ ఆల్ఫా చమురు వేదికపై ఒక పంపుయొక్క రక్షక వాల్వును మరమ్మతుకై తీసి, గొట్టమునకు బిళ్ళ బిగించియుండిరి. రాత్రి షిఫ్టువారికి ఆ సంగతి తెలియదు. రెండవ పంపు ఆగిపోగా దీనిని నడిపిరి. 167 మంది మరణించిరి. అచట నిపుణులకు కొదువ లేదు. వాల్వు విప్పినట్లు వ్రాసిన కాగితమును లేకపోలేదు. నడుపువారి కది కనబడలేదు, అంతియే. కాన అట్టి కాగితము నడుపువాని చేతనుండవలెననుట న్యాయము. మరమ్మతే మనకు వలదనుట పిరికితనము.

తిరుచిరాపల్లిలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారు బాయిలరు వాల్వులను మన గడ్డపైననే తయారుచేయుచున్నారు. చేయనేర్చిన జాతికి బాగుచేయుట చేతకాదా?

వాల్వు కొను దినముననే పటములు, విడిభాగముల ధరల పట్టిక, మన ఫిట్టర్లకు శిక్షణ ఒప్పందమున వ్రాయించుకొనవలెను. ఇయ్యనివాని సరకు కొనరాదు. విశాఖపట్టణమునను, రామగుండమునను కర్మాగారములు నడుపు పెద్దలను మేమొక్కటి అడుగుచున్నాము: నేటికి కారుచున్న మీ వాల్వులెన్ని? వానిలో మీ ఫిట్టరు విప్పుటకు అధికారము గలవెన్ని? జవాబు పంపినచో ఈ పుటలోనే ప్రకటింతుము.