పేరు తెలియని ఆటగాండ్రు

వేముల, పులివెందుల ప్రాంతములందు సాయంకాలమైనచో పంట కోసిన చేలలో బాలురు క్రికెట్టు ఆడుచుందురు. పెద్దవాడవై యేమి చేయుదువని వారిలో నెవరి నడిగినను “ఇండియాకు ఆడతా” ననియే చెప్పును. ఆంధ్ర జట్టున కాడుదునని చెప్పు బాలుని నేనింతవరకు చూడలేదు. ఆ కోరిక తప్పు కాదు. కాని దేశపు జట్టున మైదానమున దిగువారు పదునొకండుగురు మాత్రమే. తక్కినవారి యాట వృథాయని తలచుట మాత్రము తప్పని నా యభిప్రాయము.

ఎం.వి. శ్రీధర్ అను నాతని పేరు మీలో పలువురు విని యుండరు. ఆయన 1966లో విజయవాడలో జన్మించెను. వైద్యవిద్య నభ్యసించినవాడయ్యు, 1988-89 మొదలు పండ్రెండేండ్లపాటు హైదరాబాదు జట్టున నాడెను. 97 ప్రథమశ్రేణి పోటీలలో 6,701 పరుగులు, 21 శతకములు చేసెను. టెస్టు ఆడు భాగ్యము మాత్రము కలుగలేదు. ఆ యేండ్లలో అజారుద్దీన్, టెండూల్కర్, మంజ్రేకర్, కాంబ్లీ మొదలగువారు జట్టున నడిమి స్థానములలో నుండిరి. లోపల చోటు లేనప్పుడు వెలుపల నిలిచినవానిని అసమర్థుడనుట న్యాయమా?

1993-94 రంజీ పోటీలలో సికిందరాబాదున శ్రీధర్ 366 పరుగులు చేసెను. ఆయన క్రీజులో నున్నంతసేపటిలో జట్టునకు 850 పరుగులు చేరెను. నాటికది ప్రపంచ రికార్డు. హైదరాబాదు జట్టు 6 వికెట్లకు 944 పరుగులు చేసి బ్యాటింగు చాలించెను. ఎదుటి జట్టు ఏదనుకొంటిరి? మన ఆంధ్రయే! శ్రీధర్ పేరైనను పుస్తకములలో నిలిచినది. ఆ యెండలో అరిగిన బంతిని చేతబట్టి, ఓవరు తరువాత ఓవరు వేసిన మన బౌలర్ల పేర్లు ఎవరికి గుర్తున్నవి? వారు వేయకున్న ఆ 366 ఎచ్చటివి? నాకు వారియెడల గౌరవము శ్రీధర్ యెడల కంటె తక్కువ కాదు.

క్రికెట్టు పుట్టిన ఇంగ్లండులోను ఇట్టివారు కలరు. అచ్చట కౌంటీ యనగా మన జిల్లా వంటిది. 18 కౌంటీ జట్లు ప్రథమశ్రేణి పోటీలలో నాడును. వానిలో నొకటి వేల్సు దేశపు గ్లామోర్గన్. ఆలన్ జోన్స్ ఆ జట్టున 1957 నుండి 1983 వరకు ఆడెను. ప్రథమశ్రేణి ఆటలో 36,049 పరుగులు చేసెను. 1970లో ఒక టెస్టు ఆడెను గాని, పిమ్మట దానిని టెస్టుగా లెక్కింపలేదు. యాబదియేండ్లు గడచిన తరువాత, 2020లో, ఆయనకు ఇంగ్లండు టోపీ యిచ్చి సత్కరించిరి. శ్రీధర్ అంతకాలము జీవింపలేదు. భారత క్రికెట్టు బోర్డున ఉన్నతోద్యోగము చేసి, 2017లో 51వ యేట మరణించెను.

కడపలోని వై.యస్. రాజారెడ్డి మైదానమున రంజీ పోటీలు జరిగినవి. టెలివిజనులో పెద్ద పోటీలను రాత్రి ప్రొద్దుపోవువరకు చూచు మన బాలురలో ఎందరు వేములనుండి బస్సెక్కి పోయి వానిని చూచిరి? ఇక ముందు అచ్చట పోటీ జరిగినచో, మూడవనాటి మధ్యాహ్నము పోయి కూర్చుండి, అప్పుడు బంతి వేయుచున్నవాని పేరేమో ప్రక్కవారి నడిగి తెలిసికొనుడు.