కొన్నారు.. కలిపారు.. మళ్లీ విడదీశారు! మీ మెమరీ కార్డు, హార్డ్ డిస్క్ ధర ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

కొత్త ఎస్ఎస్‌డీ కొందామని కంప్యూటర్ షాపుకు వెళ్లారా? ధర చూసి వెనక్కి వచ్చేశారా? అలా వచ్చేసినవాళ్లు మీరొక్కరే కాదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు ప్రపంచమంతా పైకి పాకుతూనే ఉన్నాయి. ఈలోగా మరో వార్త.. అమెరికా చిప్ దిగ్గజం మైక్రాన్ తన 'క్రూషియల్' బ్రాండ్‌తో మామూలు కస్టమర్లకు అమ్మే ర్యామ్, ఎస్ఎస్‌డీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్ 3న ప్రకటించింది. 2026 ఫిబ్రవరి చివరి వరకే షాపులకు సరుకు పంపుతామని చెప్పింది.

నష్టాల వల్ల కాదు. గిరాకీ లేక అంతకన్నా కాదు. ఏఐ డేటా సెంటర్లు గంపగుత్తగా కొంటున్నాయి. ఆ పెద్ద కస్టమర్లకు సరుకు అందించాలంటే చిల్లర వ్యాపారం వదులుకోవాల్సిందేనని కంపెనీ లెక్క వేసుకుంది.

ఏఐ దెబ్బకే ధరలు పెరిగాయని అందరూ అంటున్నారు. అది నిజమే, కానీ సగమే నిజం. గిరాకీ పెరిగితే ఏ మార్కెట్‌లోనైనా అమ్మేవాళ్లు ఎక్కువమంది దిగుతారు. ఇక్కడ అలా ఎందుకు జరగడం లేదు? దానికి జవాబు గత 20 ఏళ్ల కొనుగోళ్లు, విలీనాల్లో ఉంది.

200 కంపెనీలు.. మిగిలింది మూడు

ప్రపంచంలో తొలి హార్డ్ డిస్క్‌ను ఐబీఎం 1956లో తెచ్చింది. టన్నుకు పైగా బరువు. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. అంటే ఇవాళ మీ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంత. ఆ తర్వాత హార్డ్ డిస్కులు తయారు చేసిన కంపెనీలు 200కు పైనే. ఇప్పుడు మిగిలినవి మూడే మూడు.. సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా.

మిగతావి ఏమయ్యాయి? కొన్ని మూతపడ్డాయి, చాలావాటిని పక్క కంపెనీలు కొనేశాయి.

ఐబీఎం తన డిస్కుల వ్యాపారాన్ని సుమారు 205 కోట్ల డాలర్లకు హిటాచీకి అమ్ముకుంది. మ్యాక్స్‌టర్‌ను 2006లో సీగేట్ కొంది. ఫుజిట్సు డిస్కుల వ్యాపారం 2009లో తోషిబా చేతికి వెళ్లింది. 2011లో శాంసంగ్ హార్డ్ డిస్క్ విభాగాన్ని సీగేట్ 137.5 కోట్ల డాలర్లకు దక్కించుకుంది. అదే ఏడాది హిటాచీ డిస్కుల కంపెనీని సుమారు 430 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు వెస్టర్న్ డిజిటల్ ప్రకటించింది. ఆ డీల్ 2012 మార్చిలో పూర్తయింది.

ప్రభుత్వాలు చూస్తూ ఊరుకున్నాయా అంటే.. పూర్తిగా కాదు. కొంత తయారీ సామర్థ్యాన్ని వేరే కంపెనీకి ఇవ్వాలని వెస్టర్న్ డిజిటల్‌కు యూరప్ షరతు పెట్టింది. అది తోషిబాకు వెళ్లింది. హిటాచీ నుంచి కొన్న కంపెనీని విడిగానే నడపాలని చైనా పట్టుబట్టింది. 2015 అక్టోబర్‌లో ఆ షరతులను చాలావరకు సడలించింది. అప్పటికి మార్కెట్ మూడు ముక్కలైపోయింది.

థాయ్‌లాండ్ వరద నేర్పిన పాఠం

కంపెనీలు తగ్గితే మనకేంటి అనుకుంటున్నారా? 2011 చివర్లో ఏం జరిగిందో చూడండి. థాయ్‌లాండ్‌లో భారీ వరదలు వచ్చాయి. ప్రపంచ హార్డ్ డిస్కుల్లో పెద్ద వాటా అక్కడే తయారయ్యేది. వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలు నీట మునిగాయి. కొన్ని వారాల్లోనే డిస్కుల ధరలు చాలాచోట్ల దాదాపు రెట్టింపయ్యాయి.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. అదే డిసెంబర్‌లో సీగేట్, వెస్టర్న్ డిజిటల్ రెండూ కొన్ని మోడళ్లపై వారంటీ కాలాన్ని తగ్గించేశాయి. ధర పెరిగింది, వారంటీ తగ్గింది. అయినా జనం కొన్నారు. ఎందుకంటే వెళ్లడానికి వేరే షాపు ఉంది కానీ, వేరే కంపెనీ పెద్దగా లేదు.

1,900 కోట్ల డాలర్ల పెళ్లి.. తొమ్మిదేళ్లకు విడాకులు

చైనా షరతులు సడలించిన అదే నెలలో, అంటే 2015 అక్టోబర్‌లో వెస్టర్న్ డిజిటల్ మరో బాంబు పేల్చింది. మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లతో మన ఇళ్లలో బాగా తెలిసిన శాన్‌డిస్క్‌ను సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2016 మేలో డీల్ ముగిసింది. ఆలోచన సింపుల్. తిరిగే డిస్కుల కాలం పోతోంది, ఫ్లాష్ చిప్‌ల కాలం వస్తోంది. రెండూ మన దగ్గరే ఉంటే ఏది గెలిచినా మనదే గెలుపు.

కానీ రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టయింది. శాన్‌డిస్క్‌కు సొంతంగా ఫ్లాష్ ఫ్యాక్టరీ లేదు. జపాన్‌లో తోషిబాతో కలిసి పంచుకున్న ఫ్యాక్టరీలే దిక్కు. 2017లో ఆ తోషిబాయే చిక్కుల్లో పడింది. అమెరికాలోని అణు విద్యుత్ వ్యాపారంలో వచ్చిన నష్టాలు పూడ్చుకోవడానికి మెమరీ విభాగాన్ని అమ్మకానికి పెట్టింది. మా అనుమతి లేకుండా ఎలా అమ్ముతారంటూ వెస్టర్న్ డిజిటల్ న్యాయపోరాటానికి దిగింది. చివరికి రాజీ కుదిరింది. బెయిన్ క్యాపిటల్ నాయకత్వంలోని బృందం సుమారు 2 లక్షల కోట్ల యెన్లకు ఆ విభాగాన్ని కొంది. ఆ బృందంలో కొరియా కంపెనీ ఎస్‌కే హైనిక్స్ కూడా ఉంది. ఆ కంపెనీనే ఇప్పుడు కియోక్సియా అంటున్నాం.

ఆ తర్వాత కియోక్సియాను తన ఫ్లాష్ వ్యాపారంలో కలుపుకోవాలని వెస్టర్న్ డిజిటల్ మంతనాలు జరిపింది. అందులో పెట్టుబడి ఉన్న ఎస్‌కే హైనిక్స్ ఒప్పుకోలేదు. 2023 అక్టోబర్‌లో చర్చలు ఆగిపోయాయి. ఈలోగా, రెండు వ్యాపారాలూ విడదీయాల్సిందేనంటూ ఎలియట్ మేనేజ్‌మెంట్ అనే ఇన్వెస్టర్ 2022 నుంచీ ఒత్తిడి తెస్తూ ఉంది. చర్చలు ఆగిన నెలలోనే వెస్టర్న్ డిజిటల్ విభజన ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో శాన్‌డిస్క్ మళ్లీ వేరు కాపురం పెట్టింది. అదే ఏడాది నవంబర్‌లో ఎస్ అండ్ పీ 500 సూచీలో చోటు సంపాదించింది.

ఈ కథలో తేలిందేంటి? హార్డ్ డిస్క్, ఫ్లాష్ రెండూ డేటా దాచేవే అయినా వ్యాపారాలు వేరు. డిస్కుల వ్యాపారం నిదానంగా, స్థిరంగా నడుస్తుంది. ఫ్లాష్ వ్యాపారం ఒక ఏడాది లాభాల పంట, మరో ఏడాది నష్టాల ఊబి. ప్రతి కొత్త తరం చిప్‌కూ వేల కోట్లు పోయాలి. ఒకే గొడుగు కింద పెడితే ఒకదాని జ్వరం రెండోదానికి అంటుకుంటుంది.

లేజర్‌తో రాసే డిస్క్.. ఏంటీ 'హామర్'?

ఫ్లాష్ వచ్చాక హార్డ్ డిస్క్ పని అయిపోయిందని చాలామంది తేల్చేశారు. కానీ ఒక్కో టెరాబైట్‌కు అయ్యే ఖర్చు చూస్తే డిస్కే ఇప్పటికీ చాలా చవక. అందుకే మీరు క్లౌడ్‌లో పెట్టే ఫొటోలు, మీరు చూసే వీడియోల్లో ఎక్కువ భాగం డేటా సెంటర్లలో తిరిగే డిస్కుల మీదే ఉంటున్నాయి.

సమస్య ఏంటంటే.. డిస్క్ మీద అయస్కాంత రేణువులను మరీ చిన్నవి చేస్తే అవి మామూలు వేడికే దిక్కు మార్చుకుంటాయి. రాసిన డేటా చెరిగిపోతుంది. ఐరన్, ప్లాటినం మిశ్రమం వాడితే చెరగదు. కానీ అది ఎంత మొండిదంటే, మామూలు పద్ధతిలో దానిమీద రాయడమే కుదరదు. అందుకే రాసే చోట అతి చిన్న చుక్కను లేజర్‌తో నానోసెకన్ల పాటు 400 డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. వేడెక్కినప్పుడు రాస్తారు, చల్లారగానే గట్టిపడుతుంది. ఈ టెక్నాలజీ పేరే హామర్.

దీని మీద సీగేట్ దాదాపు 20 ఏళ్లు పనిచేసింది. 2024 జనవరిలో మొజాయిక్ 3 ప్లస్ పేరుతో ఒక్కో పళ్లెంలో 3 టెరాబైట్లు పట్టే డిస్కులు ప్రకటించింది. అంటే ఒక్క డ్రైవ్‌లో 30 టెరాబైట్లు. ఏడాదికే 36 టెరాబైట్ల డ్రైవ్ కొందరు కస్టమర్లకు పంపడం మొదలుపెట్టింది.

ఇక్కడ పెద్దగా వార్తల్లోకి రాని ఒక కొనుగోలు ఉంది. 2025లో సీగేట్ ఇంటివాక్ అనే చిన్న కంపెనీని సుమారు 11.9 కోట్ల డాలర్లకు కొంది. డిస్కుల మీద ఆ పలుచటి పూత వేసే యంత్రాలు తయారు చేసేది ఆ కంపెనీయే. 1,900 కోట్ల డీల్‌తో పోలిస్తే ఇది చిల్లర. కానీ పోటీదారుడిని కొనడం ఒక ఎత్తు, యంత్రం తయారు చేసేవాడిని కొనడం ఇంకో ఎత్తు. రేపు ఇంకెవరైనా ఈ రంగంలోకి రావాలన్నా, ఆ యంత్రాలు ఎక్కడ కొనాలి?

చిప్‌ల వైపు కూడా అదే కథ

ఫ్లాష్ రంగంలో కాస్త నయం. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, కియోక్సియా, శాన్‌డిస్క్, మైక్రాన్.. ఐదు పెద్ద పేర్లు. ఇందులో కియోక్సియా, శాన్‌డిస్క్ ఫ్యాక్టరీలు ఉమ్మడివే. ఇంటెల్ ఫ్లాష్ వ్యాపారాన్ని ఎస్‌కే హైనిక్స్ 900 కోట్ల డాలర్ల ఒప్పందంతో రెండు దశల్లో కొనేసింది. 2025 మార్చితో అదీ పూర్తయింది. చైనా కంపెనీ వైఎంటీసీ పోటీకి వచ్చింది కానీ, 2022 డిసెంబర్‌లో అమెరికా దాన్ని ఆంక్షల జాబితాలో పెట్టింది.

టెక్నాలజీ మాత్రం ఆగలేదు. అపార్ట్‌మెంట్ అంతస్తుల్లా మెమరీ గదులను ఒకదానిపై ఒకటి పేరుస్తున్నారు. ఎస్‌కే హైనిక్స్ 321 పొరల చిప్‌ను 2024 నవంబర్‌లో ఉత్పత్తిలోకి తెచ్చింది. ఏఐ చిప్‌ల పక్కనే పెట్టేలా 'హై బ్యాండ్‌విడ్త్ ఫ్లాష్' అనే కొత్త రకంపై శాన్‌డిస్క్, ఎస్‌కే హైనిక్స్ చేతులు కలిపాయి. గమనించారా? ఇది ఫోన్ల కోసం కాదు, డేటా సెంటర్ల కోసం.

మరి ధర ఎందుకు ఇంతలా పెరిగింది? 2022లో గిరాకీ పడిపోయి చిప్‌లు గుట్టలుగా పేరుకుపోయాయి. నష్టాలు తట్టుకోలేక కియోక్సియా సుమారు 30 శాతం, మైక్రాన్ సుమారు 20 శాతం ఉత్పత్తి తగ్గించాయి. ఆ గాయం మానకముందే ఏఐ గిరాకీ వచ్చిపడింది. కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే ఏళ్లు పడుతుంది. పైగా ఉన్న నలుగురైదుగురికీ తొందర లేదు. మళ్లీ గుట్టలు పేరుకుంటాయేమోనన్న భయం ఒకవైపు, మంచి ధర వస్తోందన్న సంతోషం మరోవైపు.

విలీనాలన్నీ చెడ్డవేనా?

అలా అనలేం. 20 ఏళ్లు ఒకే టెక్నాలజీ మీద డబ్బు పోయాలంటే కంపెనీకి ఆ స్థోమత ఉండాలి. 200 చిన్న కంపెనీలు ఉండి ఉంటే హామర్ వచ్చేది కాదేమో. కంపెనీలు తగ్గుతున్న ఆ దశాబ్దాల్లోనే ఒక్కో గిగాబైట్ ధర కూడా దిగివచ్చింది. కానీ ఒక తేడా ఉంది. అప్పట్లో ఈ కంపెనీలకు మనమే ముఖ్యమైన కస్టమర్లం. ఇప్పుడు మనం వరుసలో చివర ఉన్నాం. అమ్మేవాళ్లు కొద్దిమంది, కొనేవాళ్లలో పెద్దలూ కొద్దిమంది. ఈ రెండు వర్గాల మధ్య మాటలు ముగిశాక మిగిలిన సరుకే షాపుకు వస్తుంది. క్రూషియల్ నిర్ణయం చెప్పింది అదే.

మన దగ్గర సంగతేంటి?

విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ 2022 నవంబర్ నుంచి నడుస్తోంది. మైక్రాన్‌కు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సెంటర్ ఉంది. ఆ కంపెనీ సీఈఓ సంజయ్ మెహ్రోత్రా కాన్పూర్‌లో పుట్టినవారు, శాన్‌డిస్క్ వ్యవస్థాపకుల్లో ఒకరు కూడా. గుజరాత్‌లోని సనంద్‌లో కేంద్రం, రాష్ట్రం సాయంతో కలిపి మొత్తం 275 కోట్ల డాలర్ల మైక్రాన్ ప్రాజెక్టు వచ్చింది.

అయితే ఒక విషయం తేడాగా చూడాలి. సనంద్‌లో చేసేది చిప్‌ల అసెంబ్లింగ్, టెస్టింగ్. అసలు చిప్ పుట్టేది బయటి దేశాల్లోనే. డేటా సెంటర్ మన ఊళ్లో ఉన్నంత మాత్రాన అందులో పెట్టే డిస్క్ ధర మన చేతిలోకి రాదు. భూమి, కరెంటు, నీళ్లు, ఇంజినీర్లు మనవి. డిస్క్ మాత్రం ఆ మూడు కంపెనీలదే. రాయితీలపై ఒప్పందాలు రాసుకునేటప్పుడు ప్రభుత్వాలు అడగాల్సిన ప్రశ్న ఇదే.. ఇక్కడ తయారీ ఎంత?

ఇప్పుడు మీరేం చేయాలి?

అవసరం ఉంటేనే కొనండి, ధర పెరుగుతుందన్న భయంతో కొని దాచుకోకండి. ఫ్లాష్ ధరలు పెరిగినట్టే పడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. మరీ చవగ్గా 2 టెరాబైట్ల పెన్‌డ్రైవ్ అంటూ వచ్చే ఆఫర్లను నమ్మొద్దు, లోపల అంత సైజు లేని నకిలీలు ఎక్కువ. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోల్లాంటివి ఒకేచోట పెట్టకండి. రెండు వేర్వేరు చోట్ల కాపీ ఉంచండి. ఎస్ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు ఇవ్వకుండా బీరువాలో పడేస్తే డేటా పోయే ప్రమాదం ఉంది, అప్పుడప్పుడూ కనెక్ట్ చేసి చూసుకోండి. కొనేటప్పుడు ధరతో పాటు వారంటీ ఎన్నేళ్లో కూడా చదవండి. 2011లో ముందుగా తగ్గింది అదేనని మర్చిపోవద్దు.